ఎడ్లకు సోమవారం ఉంది, రైతుకు ఏదీ?

పంటకు తెగులు సోకితే ఆకు చూసి చెప్పేస్తాం. గొడ్డు ఒక పూట మేత ముట్టకపోతే పశువుల డాక్టరు కోసం పరుగెత్తుతాం. కానీ ఆ గొడ్డుకు మేత వేసే మనిషి నాలుగు రోజులుగా అన్నం సరిగా తినకపోయినా ఇంట్లో ఎవరూ గట్టిగా అడగరు. 'ఏదో రందిల ఉన్నడు, ఆయనే మంచిగైతడు' అని ఊరుకుంటారు. ఈ వారం పాఠం ఆ రంది గురించే. ఇదీ ఎవుసంలో భాగమే. విత్తనం, ఎరువు, నీళ్లు అన్నీ ఉండి రైతు మనసు, ఒళ్లు బాగా లేకపోతే చేను సాగదు.

మన పెద్దలు సోమవారం ఎడ్లకు నాగలి కట్టేవారు కాదు. శివుడి వారం, బసవన్నకు విశ్రాంతి అనేవారు. కొన్ని ఊళ్లలో ఈ కట్టుబాటు చాలాకాలం నడిచింది. భక్తి సంగతి అటుంచితే అందులో ఎవుసం లెక్క ఉంది. వారమంతా కాడి మోసిన ఎద్దుకు ఒక రోజు విరామం లేకపోతే మెడ పుండు పడుతుంది, మరుసటి వారం సగం పనే చేస్తుంది. ఎద్దు ఆగిన రోజు దాని వెనక నడిచే మనిషి కూడా ఆగేవాడు. ట్రాక్టరు వచ్చినంక ఎడ్లు పోయాయి, ఎడ్లతోపాటు ఆ సోమవారం కూడా పోయింది. ఇప్పుడు రైతును ఆపేవారు ఎవరూ లేరు.

రంది ఎక్కడి నుంచి పుడుతుంది?

హుస్నాబాద్, కోహెడ, అక్కన్నపేట వైపు మెట్ట భూములు. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు బోరే దిక్కు. మిగతా చెలకల్లో పత్తి, మక్క. వాన కోసం మొగులు చూడటం, బోరులో నీళ్లు ఎంతకాలం ఉంటాయోనన్న బుగులు, పురుగు పడుతుందేమోనన్న అనుమానం, అమ్మేనాటికి ధర ఎంత ఉంటుందోనన్న ఆలోచన, ఇవన్నీ ఒకే తలకాయలో తిరుగుతుంటాయి. ఇందులో ఏదీ రైతు చేతిలో లేదు. చేతిలో లేనిదాని గురించి రాత్రింబవళ్లు ఆలోచించటమే రంది. అది పిరికితనం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. ఎక్కువగా కష్టపడే రైతుకే ఎక్కువగా పడుతుంది.

దీనికి నిద్ర తక్కువ కావటం తోడవుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యే దాకా చాలామంది రైతులు అర్ధరాత్రి మోటరు పెట్టడానికి బాయికాడికి పోయేవారు. ఆ కాలం నుంచి తెల్లవారుజామున రెండు గంటలకే మెలకువ రావటం కొందరికి అలవాటుగా మిగిలిపోయింది. నిద్ర చాలని మనిషికి చిన్న కష్టం కూడా పెద్దగా కనిపిస్తుంది.

ఆడవాళ్ల సంగతి మరీ వేరు. పొద్దుగాల వంట, బర్రె పాలు, తర్వాత నాటు, కలుపు లేదా పత్తి ఏరటం, పొద్దుగూకినంక మళ్లీ వంట. మగవాడు చెట్టు కింద కాసేపు కూర్చుంటే అలసిపోయాడంటారు, ఆడమనిషి కూర్చుంటే పని ఎగ్గొట్టిందంటారు. రంది ఆమెకూ ఉంటుంది. అది తలనొప్పి, నడుం నొప్పి రూపంలో బయటపడుతుంది. గోలీ వేసుకుని మళ్లీ పనికి పోతుంది.

మా ఇంటి సంగతి ఒకటి

1997-98లో వరంగల్, కరీంనగర్ జిల్లాల పత్తి రైతులకు వచ్చిన కష్టం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు హుస్నాబాద్ కరీంనగర్ జిల్లాలోనే ఉండేది, 2016లో సిద్దిపేట జిల్లాలో కలిసింది. లద్దె పురుగు, పచ్చ పురుగు చేలను తినేశాయి. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. అప్పులు తీరక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

అప్పుడు నేను కాలేజీకి పోయే పిల్లగాణ్ణి. మా నాయన కూడా పత్తి వేశాడు. ఆ కార్తీకంలో ఆయన మాట్లాడటం తగ్గించాడు. రాత్రిళ్లు వాకిట్లో కూర్చునేవాడు. అమ్మ ఏమీ అనలేదు. ఒక పొద్దుగాల ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ గోనె సంచిలో కట్టి మా మేనమామ ఇంటికి పంపింది. ఆ రాత్రి నుంచి నాయన ఎంతసేపు వాకిట్లో కూర్చుంటే అంతసేపు తానూ పక్కన కూర్చునేది. నెల రోజులకు ఆయన నోరు విప్పి అప్పు ఎంతో చెప్పాడు. మామ, అమ్మ, నాయన కూర్చుని లెక్క రాశారు. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. మనిషి మాత్రం మాకు దక్కాడు. అమ్మకు ఏ డాక్టరూ చెప్పలేదు గాని, ఇవాళ డాక్టర్లు చెబుతున్న మూడు పనులూ ఆమె చేసింది. విషం దూరం పెట్టింది, మనిషిని ఒంటరిగా వదల్లేదు, కష్టాన్ని మాటల్లోకి తెచ్చింది.

పని నడుమనే విరామం

'పనులన్నీ అయినంక ఆరాం చేస్తా' అనుకుంటే ఆ రోజు రాదు. నీటి తడికి వంతు పెట్టుకున్నట్టే విరామానికి కూడా వంతు పెట్టుకోవాలి.

రోజులో: రాత్రి కనీసం ఏడు గంటల నిద్ర ఉండేలా చూసుకోండి. పడుకునే ముందు గంటసేపు ఫోను, అప్పు ముచ్చట రెండూ పక్కన పెట్టాలి. ఎండాకాలంలో పదకొండు నుంచి నాలుగు దాకా చేలో పని వద్దు. పని తెల్లవారుజామునకు, సాయంత్రానికి మార్చుకోండి. మధ్యాహ్నం అన్నం గట్టు మీద నిలబడి కాకుండా కూర్చుని తినాలి.

వారంలో: ఏదో ఒక రోజు సగం పూటైనా చేను వైపు పోకండి. పాలు పిండటం, మేత వేయటం లాంటివి తప్పవు, వాటిని ఇంట్లో వాళ్లు వంతులు వేసుకోవచ్చు. ఆ సగం పూట ఇంటి ఆడమనిషికి కూడా దక్కాలి. ఆమె వంట చేస్తుంటే మనం కూర్చోవటం విరామం కాదు.

ఏడాదిలో: వానాకాలం నాట్లు అయినంక నాలుగు రోజులు, బతుకమ్మ, దసరా, సంక్రాంతికి కొత్తకొండ జాతర, యాసంగి కోతల తర్వాత రోహిణి కార్తె దాకా. ఈ తీరికలను మన పెద్దలు ఊరికే పెట్టలేదు. పండుగకు అప్పు చేయనక్కర లేదు గాని పండుగ రోజున నలుగురిలో ఉండటం మానకండి. రంది పట్టిన మనిషి మొట్టమొదట మానేది నలుగురిలోకి రావటమే.

అప్పును కాగితం మీద పెట్టండి

తలలో ఉన్న అప్పు ఎప్పుడూ అసలు అప్పు కన్నా పెద్దగా ఉంటుంది. ఒక నోటు పుస్తకం తీసుకుని ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అని రాయండి. ఆలుమగలు ఇద్దరూ కూర్చుని రాయాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు వడ్డీకే పోతాయి. అదే లక్ష బ్యాంకు పంట రుణంగా తీసుకుని గడువులోపు కడితే, వడ్డీ రాయితీతో నూటికి ఏడాదికి నాలుగు రూపాయలే, అంటే నాలుగు వేలు. కౌలు రైతులకు బ్యాంకు అప్పు దొరకటం కష్టమన్న మాట నిజమే. అటువంటివారు ఇంటి ఆడవాళ్ల మహిళా సంఘం రుణం గురించి అడిగి చూడాలి. ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చాలి. ఇంకో బోరు వేయాలా వద్దా అన్నది రంది మీద ఉన్నప్పుడు తేల్చుకోవద్దు. వారం ఆగి, నలుగురిని అడిగి తేల్చుకోండి.

తాగితే తగ్గదు

నిద్ర పట్టటానికి కల్లు, సారా మొదలుపెట్టిన వారు ఎందరో. మత్తులో కన్ను మూతపడుతుంది గాని అది సరైన నిద్ర కాదు. తెల్లారేసరికి రంది రెట్టింపవుతుంది, జేబు ఖాళీ అవుతుంది. ఇంకో హెచ్చరిక. చాలా ఏళ్లుగా తాగుతున్నవారు ఒక్కసారిగా మానేయకూడదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి కల్లు దొరకనప్పుడు, అలవాటు పడినవారు వణుకు, మతిభ్రమణంతో దవాఖానల పాలయ్యారు. డాక్టరును అడిగి మెల్లగా మానాలి.

పిచికారీ చేసిన రోజు తలనొప్పి, ఒళ్లంతా చెమట, వాంతులు, చూపు మసకబారటం ఉంటే అది రంది కాదు, మందు ఒంటికి పట్టిందని గుర్తు. బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లు కడుక్కుని, మందు డబ్బా వెంట తీసుకుని వెంటనే దవాఖానకు పోవాలి. అలాగే ఎప్పుడూ నీరసం, చిరాకు ఉంటే రక్తం, షుగరు, బీపీ చూపించుకోండి. రక్తహీనత, షుగరు కూడా మనిషిని అలా కుంగదీస్తాయి.

ఎప్పుడు దవాఖానకు పోవాలి?

చేలో నాలుగు పురుగులు కనబడగానే మందు కొట్టం, నష్టపరిమితి దాటితే కొడతాం. రందికి కూడా అటువంటి హద్దు ఉంది. ఈ కింది గుర్తులు రెండు వారాలకు మించి ఉంటే అది మామూలు దిగులు కాదు, జబ్బు.

1. నిద్ర పట్టకపోవటం, లేదా నడిరాత్రి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవటం.
2. అన్నం సయించక ఒళ్లు తగ్గటం.
3. ఇష్టమైన పని, పిల్లల ముచ్చట కూడా రుచించకపోవటం.
4. ఊరకే కోపం, ఊరకే ఏడుపు, ఎవరితోనూ మాట్లాడకపోవటం.
5. 'నేను ఉండి ఏం లాభం', 'నేను పోతే మీకన్నా మంచిగుంటది' అనే మాటలు. ఈ ఒక్కటి వినబడితే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే కదలండి.

ఈ జబ్బుకు మందులున్నాయి. యూరియా చల్లిన మర్నాడే చేను పచ్చబడదు కదా, అలాగే ఈ గోలీలు పని చేయటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగైందని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. డాక్టరు చెప్పే దాకా వాడాలి. మానసిక డాక్టరు దగ్గరికి పోతే పిచ్చోడంటారని భయపడకండి. మొదట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. సిద్దిపేట, కరీంనగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు, వరంగల్ ఎంజీఎం, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి కూడా ఉన్నాయి. పోలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 'టెలి మానస్' పేరుతో కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ గడియ దాటించాలి

ప్రాణం తీసుకోవాలనే ఆలోచన చాలామందిలో గాలిదుమారంలా వచ్చిపోతుంది. ఆ గడియలో విషం చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో 1995 నుంచి అతి విషపు పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. కష్టాలు తగ్గి కాదు, విషం అందక.

కాబట్టి మందు అవసరమైనంతే కొనండి. మిగిలింది ఇంట్లో, బాయికాడ కొట్టంలో పెట్టకుండా తాళం ఉన్న పెట్టెలో పెట్టి, తాళంచెవి మరొకరి దగ్గర ఉంచండి. మనిషి మీద అనుమానం వస్తే నేరుగా అడగండి, 'అన్నా, చావాలని అనిపిస్తున్నదా?' అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం వద్దు. అడిగితే గుండె బరువు దిగుతుంది. 'ధైర్యంగ ఉండు, మొగోడివి కాదా' అని చెప్పటం కన్నా పక్కన కూర్చుని వినటం మేలు. ఒంటరిగా వదలకండి. జరగరానిది జరిగితే పసరు మందులతో పొద్దు పోగొట్టకుండా 108కి ఫోను చేయండి.

పోలీసు కేసవుతుందని కొందరు దవాఖానకు తీసుకుపోవటం ఆలస్యం చేస్తారు. ఆ భయం అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి వైద్యం చేయించాలే గాని శిక్షించకూడదు. 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షను లేదు.

రైతు సోదరులు, అక్కాచెల్లెళ్లు ఈ వారం ఒక్క పని చేయండి. మీ వాడకట్టులో కొంతకాలంగా కనిపించని రైతు ఒకరు ఉండే ఉంటారు. రచ్చకట్ట దగ్గరికి రావటం లేదు, చాయ్ హోటలుకు రావటం లేదు. సాయంత్రం వాళ్లింటికి పోయి, 'ఏమే అన్నా, కనబడుతలేవు' అని పలకరించి అరగంట కూర్చోండి. పంట పోతే వచ్చే కార్తెలో మళ్లీ విత్తుకోవచ్చు. మనిషిని మాత్రం ఉన్నప్పుడే చూసుకోవాలి.