కంప్యూటరు కూర్పు – ఔచిత్యం

నల్లమల అడవుల నడుమ, నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలో నెలకొన్న పీఠభూమి అమ్రాబాద్. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో ఇక్కడి చెంచుల మధ్య ఉండి, వారి జీవనవిధానాన్ని పరిశీలించాడు. ఛాయాచిత్రాలు తీశాడు. 1943లో ‘ది చెంచూస్’ అనే గ్రంథాన్ని వెలువరించాడు. అటువంటి పరిశోధకుడు బయటి నుండి వస్తే తప్ప ఆనాడు చెంచుల బొమ్మ కాగితం మీదికి ఎక్కలేదు. నేడు చేతిలోని ఫోనే కెమెరా, ధ్వనిముద్రణ యంత్రమూ అదే. పెంటలోని వృద్ధురాలు పాడే పాటను ఆమె మనుమడే భద్రపరచగలడు. ఐతే దృశ్యాలను కత్తిరించి కూర్చడానికి, రంగులు సరిదిద్దడానికి, గాలి రొదను తగ్గించడానికి తగిన కంప్యూటర్ కావాలి. అటువంటిదాన్ని భాగాలుగా కొని ఇంటివద్దనే కూర్చుకొనేవారు ముందుగా ఆలోచించవలసినది ధరను గురించి కాదు, పనిని గురించి.

పనికొక లెక్క ఉంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో చిత్రించిన 4కె వీడియో నిమిషానికి సుమారు 750 మెగాబైట్లు, గంటకు 45 గిగాబైట్లు ఆక్రమిస్తుంది. అదే పాటను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియో ధ్వనిగా మాత్రమే ముద్రిస్తే గంటకు ఒక గిగాబైటు చాలు. కాబట్టి పాటలు, కథలు మాత్రమే సేకరించేవారు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు జోలికి పోనక్కరలేదు. మంచి మైకుకు ఆ డబ్బు వెచ్చించడం మేలు.

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. కంప్యూటర్ కూర్పుకూ ఆ మాట వర్తిస్తుంది. ప్రాసెసర్ మదర్‌బోర్డు సాకెట్‌లో ఇమడాలి. ఏఎమ్‌డీవారి ఏఎమ్5 సాకెట్ బోర్డులో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పనిచేస్తుంది. పాత డీడీఆర్4 ర్యామ్ ఉన్నదని మోజుపడితే అది గాడిలోనే దిగదు. వీడియో కూర్పుకు 6 లేదా 8 కోర్ల ప్రాసెసర్, 32 గిగాబైట్ల ర్యామ్ సముచితం. 16 గిగాబైట్లతో ఆరంభించేవారు బోర్డులో ఖాళీ గాళ్లున్నవో లేవో చూసుకోవాలి. డావించీ రిజాల్వ్ వంటి సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్స్ కార్డు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అక్కడ కార్డు స్వంత మెమరీ 8 గిగాబైట్లకు తగ్గకుండా చూడాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు, కూర్పులో ఉన్న చిత్రానికి ఎస్‌ఎస్‌డీ, ముగిసిన పనిని దాచడానికి చవకైన హార్డ్‌డిస్క్ తగును. తెర విషయంలో పొదుపు ప్రమాదకరం. ఎస్‌ఆర్‌జీబీ వర్ణశ్రేణిని పూర్తిగా చూపలేని తెరపై మోదుగపూవు వెలవెలబోతుంది. దానిని చూసి సరిదిద్దినవాని శ్రమ మరొక తెరపై మంటలా మండుతుంది.

అందరూ చివరికి వదిలివేసే భాగం ఎస్‌ఎమ్‌పీఎస్. అడవి అంచు ఊళ్లలో గాలివానకు కరెంటు పోవడం, వోల్టేజి ఎగుడుదిగుడవడం కొత్తేమీ కాదు. 65 వాట్ల ప్రాసెసర్, 115 వాట్ల గ్రాఫిక్స్ కార్డు, తక్కినవాటికి మరో 70 వాట్లు కలిపితే 250 వాట్లు. కొంత వెసులుబాటు ఉంచి 550 వాట్లది తీసుకుంటే సరిపోతుంది. పేరులేని చవక ఎస్‌ఎమ్‌పీఎస్ చెడిపోతూ బోర్డునూ డిస్కునూ వెంట తీసుకుపోవచ్చు. ‘80 ప్లస్’ గుర్తు కనీస సామర్థ్యాన్ని తెలుపుతుందే గాని నాణ్యతనంతటినీ చెప్పదు. రక్షణ వలయాలున్నవో లేవో వేరుగా అడగాలి. ఇంటికి సరియైన ఎర్తింగు, యంత్రానికి యూపీఎస్ తప్పనిసరి. యూపీఎస్ పని చేయడానికి కాదు, దాచుకొని ఆపివేయడానికి.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట భాగాలన్నీ దొరుకుతాయి. అమ్రాబాద్ నుండి అంతదూరం మళ్లీమళ్లీ వెళ్లడం కష్టం గనుక జాబితా ముందే వ్రాసుకొని, బిల్లులు, వారంటీ కాగితాలు పదిలపరచుకోవాలి. కూర్చేటప్పుడు ప్లగ్గు తీసివేయాలి, చేతిలోని స్థిరవిద్యుత్తు పోయేందుకు క్యాబినెట్ లోహాన్ని తాకాలి. ప్రాసెసర్‌పై థర్మల్ పేస్టు శనగగింజంత చాలు. వేసవి వేడికీ దుమ్ముకూ ముందువైపు జాలీ, వడపోత ఉన్న క్యాబినెట్ మంచిది.

యంత్రం వెలిగిన రోజే దానిని నమ్మరాదు. ర్యామ్ పరీక్ష ఒక రాత్రంతా నడపాలి. గంట నిడివి చిత్రాన్ని ఎగుమతి చేసి వేడిని గమనించాలి. మెయిన్ స్విచ్ కావాలని ఆపి యూపీఎస్‌ను చూడాలి. ఆపై వృద్ధురాలి పాటను హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, రెండవ ప్రతిని వేరొక డిస్కులో వేరొక ఇంట ఉంచి, రెంటినీ మొదటినుండి చివరిదాకా విని చూసిన తరువాతనే ఫోనులోని మూలాన్ని తుడవాలి.