ముందు గొంతు, తరువాత గిటారు



మన హాస్టల్లో గిటారు ఒక్కటే ఉంది. నేర్పే సారు లేరు. పట్టుకున్నవాళ్ళలో చాలామంది వారం తిరగకముందే "వేళ్ళు మండుతున్నాయిరా, ఇది టౌను పిల్లలకే వస్తుంది" అని వదిలేశారు. నేను వేసవి సెలవుల్లో చర్చిలో గిటారు వాయించే ఒక అన్న పక్కన పది రోజులు కూర్చున్నాను. అప్పటినుంచి మూడు నెలలుగా సాధన చేస్తున్నాను. నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట ఒక్కటే. నోటితో పాడగలిగినవాడు గిటారు నేర్చుకోగలడు. పాట మనందరికీ వచ్చు కదా!

1. గురువు లేకపోతే ఎలా?

మాండలిన్ శ్రీనివాస్ గారి పేరు మీరు వినే ఉంటారు. 1969లో పాలకొల్లులో పుట్టారు. మాండలిన్ కూడా గిటారులాగే విదేశాలనుంచి వచ్చిన తీగల వాయిద్యం. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడేవారు, శిష్యుడు ఆ స్వరాలను తీగ మీద వెతికి పట్టుకునేవాడు. అలా నేర్చుకున్న ఆ పిల్లవాడు 1978లో గుడివాడలో తొలి కచేరీ చేశాడు. అప్పటికి అతనికి తొమ్మిదేళ్ళు.

అంత దూరం ఎందుకు? మన పల్నాడులోనే చూడండి. కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు జరిగే వీరుల తిరునాళ్ళలో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడతారు. అది పెద్దల నోట విని నేర్చుకున్న విద్య. కాబట్టి చెవి ఉన్నవాడికి సగం గురువు దొరికినట్టే.

2. గిటారు భాగాలు

గిటారుకు ఆరు తీగలు. పైనున్న లావు తీగ ఆరవది, కిందనున్న సన్న తీగ ఒకటవది. లావు తీగ నుంచి వరుసగా వాటి పేర్లు ఈ, ఏ, డి, జి, బి, ఈ. మెడ మీద అడ్డంగా ఉన్న ఇత్తడి రంగు కడ్డీలను ఫ్రెట్లు అంటారు. వీణలో వీటినే మెట్లు అంటాం. నేనూ మెట్లనే రాస్తాను.

స్కేలు తెచ్చి కొలిచి చూడండి. 12వ మెట్టు తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది. సైన్సులో ధ్వని పాఠం గుర్తుందా? తీగ పొడవు సగమైతే కంపనాలు రెట్టింపవుతాయి. శృతి చేసిన అయిదవ తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. 12వ మెట్టు దగ్గర నొక్కితే 220 సార్లు. అంటే అదే స్వరం, పై స్థాయిలో.

3. శృతి చేయడం

ఆరవ తీగను 5వ మెట్టు దగ్గర నొక్కి మీటండి. అయిదవ తీగను నొక్కకుండా మీటితే అదే స్వరం రావాలి. రాకపోతే అయిదవ తీగ మరను మెల్లగా తిప్పాలి. ఇలాగే అయిదుతో నాలుగును, నాలుగుతో మూడును సరిచూడాలి. మూడవ తీగను మాత్రం 4వ మెట్టు దగ్గర నొక్కి రెండవదాన్ని సరిచూడాలి. రెండవ తీగను మళ్ళీ 5వ మెట్టు దగ్గర నొక్కి ఒకటవదాన్ని సరిచూడాలి. సన్న తీగను ఎక్కువ బిగిస్తే టప్పున తెగుతుంది, జాగ్రత్త.

4. ఒకే తీగ మీద సరిగమలు

అయిదవ తీగను నొక్కకుండా మీటండి. అది స అనుకోండి. రి 2వ మెట్టు, గ 4, మ 5, ప 7, ద 9, ని 11, పై స 12. ఇది శంకరాభరణం. ఇందులో మ, ని తీసేస్తే మోహన రాగం. ముందు నోటితో స అనండి, తరువాత తీగ మీటండి. గొంతూ తీగా కలిసేదాకా పక్క స్వరానికి పోవద్దు. వారం రోజులు ఇదే చేయండి. తరువాత మీకు వచ్చిన పాట ఏదైనా ఒక ముక్క ఈ తీగ మీద వెతకండి. దొరికిన రోజు అన్నం కూడా గుర్తు రాదు!

5. రెండు కార్డులు

నాలుగైదు తీగలు కలిపి ఒకేసారి మీటేదాన్ని కార్డ్ అంటారు.

ఈ మేజర్: అయిదవ తీగ 2వ మెట్టు మీద నడిమి వేలు, నాలుగవ తీగ 2వ మెట్టు మీద ఉంగరం వేలు, మూడవ తీగ 1వ మెట్టు మీద చూపుడు వేలు. ఆరు తీగలూ మీటవచ్చు.

ఏ మైనర్: వేళ్ళను అదే ఆకారంలో ఉంచి ఒక్కో తీగ కిందికి జరపండి. అంతే. ఆరవ తీగను మాత్రం మీటకూడదు.

ఇక పాట. అయిదవ తీగ స్వరాన్ని స గా పెట్టుకుని పాట ఎత్తుకోండి. ఆ పాటలో గాంధారం 3వ మెట్టు దగ్గర పలికితే ఏ మైనర్ వేయాలి. 4వ మెట్టు దగ్గర పలికితే ఏ మేజర్ వేయాలి, అంటే నాలుగు, మూడు, రెండు తీగలను మూడు వేళ్ళతో 2వ మెట్టు దగ్గర నొక్కాలి. పాడుతుంటే ఒకచోట కార్డ్ గొంతుకు అడ్డం తగులుతుంది. అక్కడ ఈ మేజర్‌కు మారి చూడండి. అదీ కుదరకపోతే చూపుడు వేలు ఎత్తేయండి, ఈ మైనర్ అవుతుంది.

కార్డ్ మార్చేటప్పుడు పాట ఆగకూడదు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టుకుంటూ నాలుగుకు ఒకసారి మార్చండి. వేగం తరువాత దానంతటదే వస్తుంది.

6. వేళ్ళ నొప్పి, గిటారు జాగ్రత్త

నొప్పి అందరికీ వస్తుంది, టౌను పిల్లలకూ వస్తుంది. ఇనుప తీగ కదా! ఎడమ చేతి గోళ్ళు తీసేయాలి. వేలి కొసతో, మెట్టు మీద కాకుండా దానికి ఇవతల ఆనుకుని నొక్కితే తక్కువ బలం చాలు. రోజుకు పావుగంట చేస్తే కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. బట్టలు ఉతికిన వెంటనే మాత్రం వాయించకండి. నానిన వేలికి తీగ తొందరగా కోసుకుంటుంది.

మన రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే. గిటారును ఎండలో, రేకుల కింద పెడితే జిగురు వదిలి చెక్క లేస్తుంది. నీడలో గోడకు తగిలించాలి. వాయించాక పొడి గుడ్డతో తీగలు తుడవాలి, లేకపోతే చెమటకు తుప్పు పడతాయి.

7. నా మనవి

తీజ్ పండుగకు మా తండాలో పెళ్ళికాని అక్కలు బుట్టల్లో గోధుమలు నాటి, తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తూ పాటలు పాడతారు. మా యాడి పాడే తీజ్ పాట ఒకటి నాలుగు స్వరాల్లోనే తిరుగుతుంది. నాకు గిటారు మీద పూర్తిగా వచ్చిన మొదటి పాట అదే. ఏ మైనర్, ఈ మైనర్ రెండే కార్డులు. గిటారుకు మన భాష రాదని ఎవరన్నారు? చెంచు తమ్ముళ్ళు, ఎరుకల, యానాది మిత్రులు కూడా ఇంటికి పోయినప్పుడు అమ్మ దగ్గర, నాయనమ్మ దగ్గర ఒక్కో పాట నేర్చుకుని రండి. అందరం కలిసి వెతుకుదాం.

వార్డెన్ సార్‌కి మనవి: సాయంత్రం ఆటల తరువాత, స్టడీ అవర్‌కు ముందు ఒక గంట గిటారుకు ఇప్పించండి. రోజుకు నలుగురు, ఒక్కొక్కరికి పావుగంట. వారానికి ఇరవై ఎనిమిది మందికి చేయి తగులుతుంది. మిగతా రోజుల్లో గొంతుతో, తాళంతో సాధన చేయవచ్చు, దానికి గిటారు అక్కరలేదు. వార్షికోత్సవం నాటికి మన ఇళ్ళ పాటలు నాలుగైనా స్టేజీ ఎక్కుతాయి.

రేపటినుంచి రాదలచినవారు ఈ కాగితం కింద పేరు, తరగతి రాయండి. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు చేతులు వేయవద్దు. సెలవు.

— తొమ్మిదవ తరగతి విద్యార్థి