పాత తెర, ప్రక్క వెలుగు

మనము బట్ట నేసేవారము. ఆ బట్ట కట్టుకొన్నవారిని ఫొటో తీసి, దాని సొగసు లోకానికి చూపే వృత్తి వేరొకటి కలదు. అందులో పేరుపొందిన అమెరికా దేశస్థుడు ఇర్వింగ్ పెన్ పనితీరును మన నేత కుటుంబాలు తెలిసికొనుట మంచిది.

పెన్ 1917లో న్యూజెర్సీలో పుట్టినాడు. చిత్రకారుడు కావలెనని మెక్సికోలో ఏడాదిపాటు బొమ్మలు వేసినాడు. అవి తనకే నచ్చక, రంగులు కడిగివేసి బట్టను మాత్రం దాచుకొన్నాడు. (బట్ట విలువ తెలిసిన మనిషే!) 1943లో ‘వోగ్’ పత్రికలో చేరి, ఆ ఏడే తొలి ముఖచిత్రం తీసినాడు. అటుపిమ్మట 150కి పైగా తీసినాడు.

మనకు ముఖ్యమైనది 1950లో పారిస్‌లో చేసిన పని. అక్కడి పేరుమోసిన దుస్తుల సంస్థల కొత్త ఉడుపులను ఫొటోలు తీయుటకు వెళ్ళి, పాత భవనపు పైఅంతస్తులో ఒక గది తీసికొన్నాడు. వెనుక బూడిదరంగు పాత నాటకాల తెర. అలంకారపు సామాను లేదు, విద్యుద్దీపాలు లేవు. ఉత్తరపు కిటికీల గుండా వచ్చే పగటి వెలుగే ఆధారం. వెలుగు ప్రక్కనుండి పడితే ప్రతి మడతకు నీడ ఏర్పడును. పట్టు ఏదో, ఉన్ని ఏదో కంటికే తెలియును. ఎదురుగా దీపం పెడితే ఆ నీడ పోయి, నేత చదునుగా కనబడును.

అదే గదికి, అదే తెర ముందుకు పెన్ చేతిపనివారిని కూడ పిలిచినాడు. రొట్టెలు కాల్చేవారు, అద్దాలు బిగించేవారు తమ పనిబట్టలతో, పనిముట్లతో వచ్చి నిలిచినారు. తరువాత లండన్, న్యూయార్కులలోను ఇట్లే తీసినాడు. న్యూయార్కులో కొందరు గడ్డం గీయించుకొని, ఆదివారపు సూటు తొడిగి వచ్చినారట! 1957లో పికాసో వంటి మహా చిత్రకారుని తీసిన చేయి ఇదే. పనివానికొక తీరు, ప్రముఖునికొక తీరు అన్న భేదం ఆయనకు లేదు. ఆ పాత తెరను 2009లో మరణించువరకు విడువలేదు.

నేడు మన చీరను కొనేవారు చాలామంది ముందు దాని ఫొటోనే చూచుచున్నారు. ఫోను దీపం వేసి తీస్తే జరీ తెల్లబడి, రంగు మారును. వచ్చిన చీర వేరుగా ఉన్నదని తిప్పిపంపుదురు. నష్టం నేసినవానిదే. సూటి ఎండ పడని కిటికీ ప్రక్కన, పూలు లేని బూడిదరంగు దుప్పటి ముందు చీరను మడతలుగా వేయండి. ఒకటి మొత్తం చీర, ఒకటి కొంగు, ఒకటి అంచు దగ్గరగా తీయండి. నాలుగవది మగ్గం మీద కూర్చున్న నేతగానిది. పనిబట్టలతోనే, నాడె చేత ఉండగా.