విటమిన్ సప్లిమెంట్ నాణ్యత: కొనేవారి హక్కులు, గడువులు

ఈ సమాధానాల్లో "సప్లిమెంట్" అంటే ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద అమ్మే విటమిన్ ఉత్పత్తి. "మందు" అంటే ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940 కింద తయారైన విటమిన్ ఉత్పత్తి. రెండూ ఒకే మెడికల్ షాపులో, ఒకే అరలో ఉండవచ్చు.

1. నా దగ్గరున్నది సప్లిమెంటా, మందా?
లేబుల్ చూసి తేల్చుకోవాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల నంబరు, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అన్న మాటలు ఉంటే అది సప్లిమెంట్. ఔషధ తయారీ లైసెన్సు నంబరు ఉంటే మందు. డాక్టరు చీటీలో రాసినంత మాత్రాన సప్లిమెంట్ మందు అయిపోదు.

2. 14 అంకెల నంబరు ఉంటే నాణ్యత ఉన్నట్లేనా?
కాదు. అది వ్యాపారానికి ఇచ్చిన అనుమతి మాత్రమే; మీ సీసాలోని మాత్రలను పరీక్షించారని దానికి అర్థం లేదు. నంబరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి లైసెన్సుల పోర్టల్ ఫాస్కాస్‌లో సరిచూసి, పేరు, చిరునామా లేబుల్‌తో కలవకపోతే రెండింటినీ ఫొటో తీసి ఉంచండి. కొలమానం తేడా మాత్రం లోపం కాదు: విటమిన్ డి 10 మైక్రోగ్రాములన్నా, 400 ఐయూ అన్నా ఒకటే.

3. సప్లిమెంట్‌ను నేనే పరీక్షకు పంపవచ్చా?
పంపవచ్చు. 2006 చట్టం సెక్షన్ 40 ప్రకారం రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుడి నివేదిక పొందవచ్చు. అయితే పరీక్షకు పంపే ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మకందారుకు తెలియజేయాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సగం సీసా వాడాక అనుమానం వస్తే ఆ సీసా పనికిరాదు. ముందుగా చెప్పి కొత్తది కొనాలి. సంతకం తీసుకోవాలని సెక్షన్‌లో లేదు. అయినా బ్యాచ్ నంబరుతో రెండు వాక్యాల కాగితం రాసి, అమ్మకందారు సంతకం తీసుకోండి. "నాకేమీ చెప్పలేదు" అని రేపు అతను అంటే మీ చేతిలో ఉండేది ఆ కాగితమే. బిల్లు మీద అదే బ్యాచ్ నంబరు వేయించండి. సీలు విప్పవద్దు. మీరు కోరే విటమిన్ పరీక్ష ఆ ప్రయోగశాలలో చేస్తారో లేదో ముందే రాతపూర్వకంగా కనుక్కోండి. ఉల్లంఘన తేలితే రుసుము వాపసు పొందే హక్కు మీకుంది.

4. మందు అయితే?
1940 చట్టం సెక్షన్ 26 ప్రకారం నిర్ణీత దరఖాస్తు, రుసుముతో ప్రభుత్వ విశ్లేషకుడికి పంపవచ్చు. కొనేటప్పుడే చెప్పాలన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు.

5. పరిహారం ఎక్కడ, ఎంతలోగా కోరాలి?
వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలు గడువు. ఆలస్యమైతే తగిన కారణం చూపాలి. మన్నించడం కమిషన్ ఇష్టం. చెల్లించిన ధర రూ.5 లక్షలు మించకపోతే ఫిర్యాదు రుసుము లేదు. ఆన్‌లైన్‌లో కొంటే ఆ వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్లు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ ఉత్తరప్రత్యుత్తరాలు సాగుతున్నాయని 2 సంవత్సరాల గడువు ఆగదు.

6. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన సీసా సంగతి?
ఇక్కడ అమ్మకందారే లేడు కనుక సెక్షన్ 40 మీద ఆధారపడలేరు. అక్కడి 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం అక్కర్లేదు. "యూఎస్‌పీ వెరిఫైడ్" ముద్ర ఉంటే స్వతంత్ర సంస్థ పరిశీలించినట్లు. అది ఐచ్ఛికం, కాబట్టి ముద్ర లేనంత మాత్రాన సరుకు నాసిరకమని చెప్పలేం.