వ్యంగ్యచిత్రములలో నెపోలియను

పగటివేషగాండ్రు అధికారుల నడకను, మాటను అనుకరించి నవ్వించుట మన ప్రాంతమువారెఱిగినదే. రెండువందలయేండ్లకు మించిన పూర్వకాలమున, ఆంగ్లదేశమందు రాగిరేకులపై చెక్కి కాగితములపై అచ్చొత్తిన చిత్రములు అట్టి పనినే చేసెను. లండను అంగళ్ల గవాక్షములందు వానిని ఉంచగా దారిబోవువారు గుమిగూడి చూచుచుండిరి.

1799 నవంబరులో నెపోలియను సైన్యబలముచే ఫ్రాన్సు ప్రభుత్వమును చేజిక్కించుకొనెను. 1800 మేనెలలో జేమ్సు గిల్రే అతని అభ్యుదయమును ఎనిమిది గడులలో చిత్రించెను. మొదట కార్సికాలో బీదబాల్యము; పిమ్మట రాజు ధర్మమున విద్య; కడపట, అధికారపీఠ మెక్కినవానికి అర్ధరాత్రమున పీడకలలు. గడులలో పెక్కింటికి ఒక సుగుణమో, ఘనతయో శీర్షిక. ఆదరించిన రాజును చంపినవారికి నాయకుడగుట 'కృతజ్ఞత'. ఈజిప్టులో సేనను విడిచి పాఱుట 'ధైర్యము'. పేరునకు బొమ్మ విరుద్ధమగుటయే ఇందలి వ్యంగ్యము.

ఇందు సత్యమెంత? సేనను విడిచివచ్చుట నిజము. ఈజిప్టులో మతము మార్చుకొనెననుట నిజము కాదు. తరువాతి చిత్రములలో గిల్రే అతనిని మరుగుజ్జుగా చూపెను. నెపోలియను సామాన్యుల యెత్తువాడే. 1797 నుండి గిల్రేకు తన ప్రభుత్వము భరణ మిచ్చుచుండెననియు మఱవరాదు.

శత్రురాజును దూరమునుండి పరిహసించుట సులభము. నాతాను ప్రవక్త తన రాజగు దావీదు తప్పును అతని యెదుటనే చూపెను, అది కష్టము.

విద్యార్థులారా, ఇట్టి చిత్రమును చూచి నవ్వుడు. నవ్విన పిమ్మట మూడు ప్రశ్న లడుగుడని మా మనవి: జరిగినదెంత? కల్పించినదెంత? గీయించినవారెవరు?