హైదరాబాద్ పంపే ముందు

నర్సీపట్నంలో పదేళ్ల పిల్లాడు షటిల్‌లో రెండు టోర్నమెంట్లు గెలిస్తే చాలు, వీణ్ణి హైదరాబాద్ అకాడమీకి పంపేద్దామా అన్న మాట ఇంట్లో మొదలవుతుంది. పంపొద్దని నేననను. పంపే ముందు బ్యాడ్మింటన్ ఆటగాడు కిడాంబి శ్రీకాంత్ ఆట జీవితాన్ని ఒకసారి తాపీగా చూడండి. కప్పులెత్తిన ఏడాది ఒక్కటే కాదు, మొత్తం.

రావులపాలెంలో పుట్టిన శ్రీకాంత్, తన అన్న నందగోపాల్ వెనకాలే ఆటలోకి వచ్చాడు. 2011 కామన్వెల్త్ యూత్ క్రీడల్లో అతని పతకాలు డబుల్స్‌లోనూ, మిక్స్‌డ్ డబుల్స్‌లోనూ వచ్చినవే. సింగిల్స్ వైపు మళ్లించింది కోచ్ పుల్లెల గోపీచంద్. అప్పటికే శ్రీకాంత్‌కు పద్దెనిమిదేళ్లు! పదకొండేళ్ల మీ పాప జిల్లా సింగిల్స్‌లో ఓడిందని ఎందుకండీ అంత కంగారు?

2014లో చైనా ఓపెన్ ఫైనల్లో చైనా దిగ్గజం లిన్ డాన్‌ను ఓడించాడు. 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆ స్థానం నిలిచింది వారం రోజులే. టోక్యో ఒలింపిక్స్‌కు అర్హతే దక్కలేదు. మళ్లీ 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చాడు, 2022లో జట్ల టోర్నీ థామస్ కప్‌లో ఆడిన ఆరు మ్యాచ్‌లూ గెలిచాడు. 2025 మేలో మలేసియా మాస్టర్స్‌లో క్వాలిఫయింగ్ నుంచి మొదలుపెట్టి ఫైనల్‌కొచ్చి ఓడాడు. ఒకప్పటి నంబర్ వన్ 32 ఏళ్ల వయసులో క్వాలిఫయింగ్ ఆడటమంటే ఏమిటో ఆలోచించండి.

ర్యాంకింగ్ లెక్క అలాంటిది మరి. గడిచిన 52 వారాల్లో ఆడిన వాటిలో మెరుగైన పది టోర్నీల పాయింట్లే కలుపుతారు. మోకాలికి దెబ్బ తగిలి ఇంట్లో ఉంటే పాత పాయింట్లు ఒక్కొక్కటే పోతాయి. సింగిల్స్‌లో ఆ భారం పంచుకునే జోడీ కూడా ఉండదు.

ఇక డబ్బు. ఈకల కాక్‌లు, రాకెట్ గట్టింగ్, బూట్లు, హాస్టల్, ప్రయాణాలు. విశాఖ వెళ్లి రావడానికే మనకు ఒక రోజు పోతుంది. ధనవంతులైతేనో, కుటుంబ వ్యాపారం ఉంటేనో తప్ప పిల్లల్ని ఆటల్లోకి దించొద్దని గోపీచందే 2025లో బాహాటంగా అన్నారు. చాలామందికి ఆ మాట గుచ్చుకుంది. నాకూ కటువుగానే తోచింది, కానీ పొలం అమ్మే ముందు గుర్తు చేసుకోదగ్గ మాటే. అప్పు చేయకుండా ఎన్నేళ్లు నెట్టుకు రాగలరో ముందే లెక్క వేసుకోండి. ఒలింపిక్ పతకం తర్వాత పి.వి. సింధుకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వచ్చింది, నిజమే. దాన్ని చూసి పదో తరగతి పుస్తకాలు మూయించకండి.

ఓడిన రోజు బండి మీద తిరిగొస్తూ మ్యాచ్ ఊసెత్తకండి. దారిలో టిఫిన్ పెట్టించండి. తప్పులు చెప్పడానికి కోచ్ ఉన్నాడు. "నీ కోసం ఇంత ఖర్చు పెట్టాం" అన్న మాట మాత్రం పిల్లల చెవిన అస్సలు పడనివ్వకండి. అది విన్న పిల్లలు ఇరవై పాయింట్ల దగ్గర సర్వీస్ చేస్తూ మీ అప్పు గురించే ఆలోచిస్తారు.

ఏటా వేసవి సెలవుల్లో ఒకసారి, ఇంకా ఆడాలని ఉందా అని అడగండి. లేదంటే, ఆ జవాబును కోపం లేకుండా ఒప్పుకోండి.