ఒకే కమాండు ఎన్నిసార్లు కొడతారు?

మీ పక్క సీట్లో సీనియర్ పనిచేస్తుంటే ఒకసారి గమనించండి. ఆవిడ మీకన్నా వేగంగా ఏమీ టైప్ చెయ్యరు. అసలు టైపు చేసేదే తక్కువ. పొద్దున కొట్టిన చాంతాడంత కమాండు మళ్లీ కావలసివస్తే మీరు పై బాణం మీటను టకటకా నొక్కుకుంటూ పోతారు. ఆవిడ కంట్రోల్ పట్టుకుని ఆర్ నొక్కి, అందులోని మూడు నాలుగు అక్షరాలు కొడతారు. పాత కమాండు కళ్లముందుకొస్తుంది. చేసిన పనే మళ్లీ చెయ్యాలంటే ఆవిడకు చిరాకు. మీకింకా ఆ చిరాకు పుట్టలేదు. పుట్టించుకోండి.

1986 నాటి ముచ్చట ఒకటి ప్రతి డెవలపరూ తెలుసుకోవాలి. జాన్ బెంట్లీ తన పత్రికా శీర్షిక కోసం డొనాల్డ్ నూత్‌ను ఒక ప్రోగ్రామ్ రాయమన్నాడు. ఒక ఫైలులో ఏ మాటలు ఎక్కువసార్లు వచ్చాయో లెక్కతో సహా చూపించాలి. ఆల్గారిథమ్‌ల శాస్త్రానికి పెద్దదిక్కయిన నూత్, పాస్కల్‌లో పేజీల కొద్దీ ముచ్చటగా రాసిచ్చాడు. దాన్ని సమీక్షించింది డగ్ మెక్‌ఇల్రాయ్. యూనిక్స్‌లో పైపుల ఆలోచన ఆయనదే. నూత్ పనితనాన్ని మెచ్చుకుంటూనే, అదే పనికి ఆరు కమాండ్ల గొలుసు రాసి చూపించాడు. మాటల్ని లైనుకొకటిగా విడగొట్టు, పెద్దక్షరాల్ని చిన్నవి చెయ్యి, సార్ట్ చెయ్యి, ఒకేలా ఉన్నవాటిని లెక్కపెట్టు, లెక్కను బట్టి మళ్లీ సార్ట్ చెయ్యి, పైవరసలోవి కొన్ని చూపించు. అంతే!

నూత్ ఓడిపోయాడనడం అన్యాయమే. ప్రోగ్రామ్‌ను మనుషులు చదువుకునేలా ఎలా రాయాలో చూపమని అడిగితే ఆయన అదే చూపాడు. కానీ రేపు మేనేజరు ఒక లాగ్ ఫైలు పంపి, ‘ఇందులో ఏ ఎర్రర్ ఎక్కువసార్లు వచ్చింది?’ అంటే మీకు అక్కరకొచ్చేది మెక్‌ఇల్రాయ్ దారి. గ్రెప్‌తో ఎర్రర్ లైన్లు ఏరండి. కట్‌తో కావలసిన ముక్క తీయండి. సార్ట్ చేసి, యునీక్ కమాండుకు హైఫన్ సీ తగిలించి లెక్కపెట్టండి. యునీక్ పక్కపక్కనున్న లైన్లనే కలుపుతుంది, కాబట్టి ముందు సార్ట్ చేసితీరాలి. కొత్తవాళ్లు బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే.

రోజూ కొట్టే కమాండ్లకు ఏలియాస్ పెట్టుకోండి. గిట్ స్టేటస్‌కు జీఎస్‌టీ అని పొట్టిపేరు పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు (దీనికి పన్ను కట్టక్కర్లేదు). ఇందాకటి ఫోల్డరుకు తిరిగి వెళ్లాలంటే దారంతా టైప్ చెయ్యకండి, సీడీ కొట్టి పక్కన ఒక్క హైఫన్ పెడితే చాలు.

ఒక్కచోట మాత్రం వేగం పనికిరాదు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్లో ఫోల్డరు తుడిచేస్తున్నాననుకుని అసలు సర్వర్లో తుడిచేశాడు. సంగతి గ్రహించి ఆపేలోపే దాదాపు 300 జీబీ గల్లంతైంది. రోజూ జరుగుతున్నాయనుకున్న బ్యాకప్‌లు సమయానికి అక్కరకు రాలేదు. సుమారు 6 గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ మధ్యకాలపు డేటా మాత్రం పోయింది. జరిగినదంతా దాచకుండా కంపెనీయే లోకానికి చెప్పింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

దీన్నిబట్టి రెండు అలవాట్లు చేసుకోండి. అసలు సర్వర్లోకి లాగిన్ అయితే ప్రాంప్టులో మెషీన్ పేరు ఎర్రగా కనబడేలా పెట్టుకోండి. ఆర్ఎమ్ కొట్టే ముందు అదే ప్యాటర్న్‌ను ఎల్ఎస్‌కు ఇచ్చి, ఏవి పోబోతున్నాయో కళ్లారా చూడండి. ఎక్కడో దొరికిన కమాండును సుడోతో సహా తెచ్చి అతికించేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ముందు మ్యాన్ పేజీ తెరవండి.

గిట్‌లో బ్రాంచి పొరపాటున తుడిచేస్తే కంగారుపడకండి. గిట్ రెఫ్‌లాగ్ కొడితే మీ మెషీన్‌లో ఇటీవల ఏయే కమిట్‌ల మీద ఉన్నారో వరసగా కనిపిస్తాయి. సెట్టింగులు మార్చకపోతే, ఏ బ్రాంచికీ అందని కమిట్‌ల నమోదులు కూడా 30 రోజులు ఉంటాయి. కమిట్ చెయ్యని మార్పుల్ని మాత్రం రెఫ్‌లాగ్ తెచ్చివ్వలేదు. అందుకే చిన్నచిన్న కమిట్‌లు, గంటగంటకూ.

ఈ సాయంత్రం సిస్టమ్ ఆపే ముందు, మీ హోమ్ ఫోల్డరులో ఉన్న బ్యాష్ హిస్టరీ ఫైలును తీసుకోండి. సార్ట్, యునీక్ హైఫన్ సీ, లెక్కను బట్టి మళ్లీ సార్ట్. మీరు ఎక్కువగా కొడుతున్న కమాండ్లేవో తేలిపోతాయి. పైనున్న మూడింటికీ ఏలియాస్ పెట్టేసి ఇంటికి బయల్దేరండి.